మద్రాసు నుంచి హైదరాబాదు గంటంబావు. మరి నెల్లూరు నుంచి?

చెన్నైకీ హైదరాబాదుకీ మధ్య విమాన దూరం ఎంతని ఫోనులో వెతికితే దాదాపు 510 కిలోమీటర్లనీ, ప్రయాణానికి గంటంబావు పడుతుందనీ క్షణంలో జవాబు వస్తుంది. ఆ రెండంకెల్లోనూ తప్పేమీ లేదు. వాటిని అరువు తెచ్చుకుని "హైదరాబాదుకు ఎంతసేపు, మద్రాసు పోయి ఫ్లైట్ ఎక్కితే గంటే గదా" అని నెల్లూరు ట్రంకు రోడ్డులో నిలబడి మాట్లాడేవారితోనే నాకు పేచీ. రెండు నగరాల మధ్య ప్రయాణకాలంగా చలామణీ అవుతున్నది నిజానికి రెండు విమానాశ్రయాల మధ్య కాలం. మనిషి ప్రయాణం ఇంటి గడప దగ్గర మొదలై, పని ఉన్న చోటి గడప దగ్గర ముగుస్తుంది. ఈ గడప లెక్క వేయకుండా నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు ఏ రవాణా సౌకర్యం కావాలో తేల్చబూనడం ఒకరి కొలతలతో మరొకరికి చొక్కా కుట్టించడం వంటిది.

ముందుగా ఆ గంటంబావులో ఏముందో చూద్దాం. ఎయిర్‌బస్ ఏ320 రకం విమానం పూర్తి ఎత్తుకు చేరాక గంటకు సుమారు 830 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఆ వేగంతో 510 కిలోమీటర్లు దాటడానికి 37 నిమిషాలు చాలు. టైంటేబుల్లో మాత్రం దానికి రెట్టింపు వేస్తారు. చక్రాల కింద పెట్టిన అడ్డుదిమ్మలు తీసి విమానం కదిలిన నిమిషం నుంచి, చేరిన చోట మళ్ళీ దిమ్మలు పెట్టే నిమిషం దాకా విమాన సంస్థలు లెక్క కడతాయి కనుక, రన్‌వే దాకా నెమ్మదిగా దొర్లే సమయమూ, ముందున్న విమానాల వెనక వరుసలో నిలిచే సమయమూ, దిగే ముందు ఆకాశంలో చుట్టు తిరిగే సమయమూ అందులోనే కలిసిపోతాయి. పదివేల అడుగుల లోపు ఎత్తులో 250 నాట్లు, అంటే గంటకు 460 కిలోమీటర్లు, మించకూడదన్న కట్టుబాటు ఒకటి ఉంది. ఎక్కడానికి కొంతా దిగడానికి కొంతా పోగా, ఇంత చిన్న ప్రయాణంలో విమానం తన అసలు వేగంతో పోయేది కాసేపే.

అందువల్ల దూరం తగ్గేకొద్దీ విమానం సగటు వేగం పడిపోతుంది. చెన్నై నుంచి ఢిల్లీకి 1,755 కిలోమీటర్లు. రెండు గంటల యాభై నిమిషాల ప్రయాణమనుకుంటే సగటు వేగం గంటకు 620. హైదరాబాదుకు పోయేటప్పుడు అదే విమానం సగటున గంటకు 400 కిలోమీటర్లు పోతుంది. చెన్నై నుంచి బెంగళూరుకు 270 కిలోమీటర్లకు గంట వేస్తారు కనుక అక్కడ సగటు 270కి దిగిపోతుంది. షెడ్యూలు సమయం దాటాక 15 నిమిషాల లోపు చేరినా సమయానికి చేరినట్టే లెక్కించడం విమానరంగంలో ప్రమాణం. సమయపాలనలో మంచి పేరు కావాలి కనుక టైంటేబుల్లో కాస్త వదులు ఉంచుకోవడం ఆ సంస్థలకు అలవాటు. పది నిమిషాలు ముందే దిగామని మైకులో చెప్పినప్పుడు సంతోషించే ప్రయాణికుల్లో చాలామందికి ఆ పది నిమిషాలు ముందుగానే తమ ఖాతాలో కలిపి ఉంచారని తెలియదు.

ఇక దూరం సంగతి. గ్లోబు మీద చెన్నై విమానాశ్రయం నుంచి శంషాబాదుకు ఒక దారం బిగించి పట్టుకుంటే అది రాపూరు, ఆత్మకూరు ప్రాంతాల మీదుగా పోయి, ఉదయగిరి దుర్గానికి దగ్గరగా సాగి, కంభం మీదుగా నల్లమల అడవి ఎక్కుతుంది. విమానాలు అచ్చంగా ఆ గీత మీదే నడవవు. నిర్ణయించిన వాయుమార్గాలను బట్టీ, వాతావరణాన్ని బట్టీ, రద్దీని బట్టీ అటూ ఇటూ జరుగుతాయి. కానీ అందరూ చెప్పుకునే ఆ 510 కిలోమీటర్ల గీత కింద ఉన్న నేలలో పెద్ద భాగం మన రెండు జిల్లాలదే. నెల్లూరు నుంచి శంషాబాదుకు నేరుగా గీత గీస్తే 350 కిలోమీటర్లు. ఆ 350 కిలోమీటర్ల అవతలికి విమానంలో చేరడానికి నెల్లూరు మనిషి ముందు దక్షిణంగా దాదాపు 200 కిలోమీటర్లు వెనక్కి పోయి, అక్కడ విమానమెక్కి, మళ్ళీ తన జిల్లా మీదుగానే ఉత్తరానికి ఎగరాలి. రెండింతలు ప్రయాణించి సగం దూరం చేరే ఈ ఏర్పాటును "గంటే గదా" అని పిలవడం నా మనసుకు ఎక్కదు.

ఆ 200 కిలోమీటర్లు ఎలా గడుస్తాయో నెల్లూరు వాళ్ళకు చెప్పనక్కరలేదు గాని, లెక్క కోసం చెప్పాలి. మినీబైపాసు దాటి జాతీయ రహదారి 16 ఎక్కితే గూడూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట, తడ వరకూ ప్రయాణం హాయిగానే ఉంటుంది. గుమ్మిడిపూండి దాటాక లారీలు చిక్కబడతాయి. రెడ్‌హిల్స్ దగ్గర నుంచి అసలు పరీక్ష మొదలవుతుంది, ఎందుకంటే మనం నగరానికి ఉత్తరం నుంచి వస్తాం, విమానాశ్రయమేమో దక్షిణాన మీనంబాక్కం, తిరుశూలం వైపు ఉంది. ఊరి మధ్యలోంచి పోతే కత్తిపార కూడలి మీదుగా, పోకపోతే మధురవాయల్ బైపాసు పట్టుకుని తాంబరం వైపు చుట్టి వచ్చి, ఎలా పోయినా మద్రాసు నగరం పొడవంతా కొలిచి తీరాలి. పగటిపూట ఎవరైనా మూడు గంటల్లో చేరిపోతామంటే నేను ఆ కారు ఎక్కను. నాలుగు గంటలు వేసుకుంటే మనసు కుదుటగా ఉంటుంది. రైల్లో సెంట్రల్ దాకా పోయి, అక్కడ మెట్రో ఎక్కడం మరో మార్గం. 2018లో సెంట్రల్ నుంచి విమానాశ్రయం దాకా మెట్రో వచ్చాక, సామాను తక్కువగా ఉన్న పగటి ప్రయాణికులకు అది నిజంగా మేలు చేసింది. తెల్లవారుజామున విమానం ఉన్నవారికి మాత్రం ఆ వేళకు మెట్రో ఉండదు కనుక వాళ్ళు అర్ధరాత్రి నెల్లూరులో కారెక్కుతారు. డ్రైవరు కునుకు తీయకుండా చూసుకునే బాధ్యత కూడా వారిదే.

విమానాశ్రయం చేరాక కథ మళ్ళీ నెమ్మదిస్తుంది. దేశీయ ప్రయాణాలకు చాలా సంస్థలు బయలుదేరే సమయానికి గంట ముందే సామాను కౌంటరు మూసేస్తాయి. 200 కిలోమీటర్ల దూరం నుంచి వచ్చేవాడు దారిలో ఆలస్యమవుతుందన్న భయంతో ఇంకో గంట కలుపుకుంటాడు. రెండు గంటలు అక్కడ పోతాయి. పక్కనే మీనంబాక్కంలో ఇల్లున్న మనిషికి ఈ భయం అవసరం లేదు. అంటే దూరంగా ఉన్నందుకు రోడ్డు మీద ఒక జరిమానా, విమానాశ్రయంలో కుర్చీ మీద మరో జరిమానా మనమే కడుతున్నాం. దిగాక సామాను తీసుకుని బయటపడటానికి అరగంట. శంషాబాదు నుంచి కూకట్‌పల్లికో దిల్‌సుఖ్‌నగర్‌కో చేరడానికి గంటకు పైమాట. 2008 మార్చి దాకా హైదరాబాదు విమానాశ్రయం బేగంపేటలో, ఊరి నడిబొడ్డున ఉండేది. శంషాబాదుకు మార్చిన రోజున టైంటేబుల్లో ప్రయాణకాలం పెద్దగా మారలేదు, చాలామంది ప్రయాణికులకు ఇల్లు చేరే వేళ మాత్రం మారింది. అదే ఏడాది మే నెలలో బెంగళూరు విమానాశ్రయం దేవనహళ్ళికి పోయినప్పుడూ అంతే.

అన్నీ కూడితే నెల్లూరు గడప నుంచి హైదరాబాదు గడపకు విమాన ప్రయాణం తొమ్మిది గంటలు. ఇందులో విమానం కదులుతున్న సమయం ఏడో వంతు కూడా లేదు.

ఇదే పనికి రైలు ఎంత తీసుకుంటుంది? సికింద్రాబాదు–తిరుపతి వందే భారత్ 2023 ఏప్రిల్ 8న మొదలైంది; నల్గొండ, గుంటూరు, ఒంగోలు, నెల్లూరుల్లో ఆగుతుంది. నెల్లూరు, సికింద్రాబాదుల మధ్య అది ఆరు గంటలు దాటి కొద్ది నిమిషాలు తీసుకుంటుంది. నెల్లూరు స్టేషను ఊరి మధ్యలో ఉంది, సికింద్రాబాదు స్టేషనూ అంతే, కనుక రెండు వైపులా ఆటో ఖర్చు, సమయం కలిపినా ఏడున్నర గంటలకు మించదు. సింహపురి, నారాయణాద్రి లాంటి రాత్రి రైళ్ళు ఇంతకంటే నెమ్మదివే, కానీ వాటిలో గడిచే గంటలు నిద్రలో గడుస్తాయి. రాత్రి భోంచేసి ఎక్కి, పొద్దున్నే దిగి, స్నానం చేసి పనికి పోయే మనిషికి ఆ ప్రయాణం పగటి గంటలను ఒక్కటి కూడా తినదు. ప్రయాణకాలం లెక్కలు వేసే యాప్‌లన్నీ నిద్రపోయే గంటనూ, సెక్యూరిటీ వరుసలో నిలబడే గంటనూ ఒకే ధరకు కొంటాయి. మనం ఎందుకు కొనాలి?

బస్సుల విషయంలో మరో సంగతి గమనించదగ్గది. నెల్లూరు నుంచి హైదరాబాదుకు రోడ్డు దూరం దాదాపు 450 కిలోమీటర్లు. ఒంగోలు దాటాక మేదరమెట్ల, అద్దంకి, పిడుగురాళ్ళ, మిర్యాలగూడ మీదుగా నార్కట్‌పల్లి చేరే రోడ్డు నాలుగు వరుసలయ్యాక, విజయవాడ దాకా పోయి తిరగవలసిన అవసరం తప్పింది. రాత్రి స్లీపర్ బస్సు ఎక్కినవారు తెల్లవారేసరికి ఎల్.బి.నగర్‌లో ఉంటున్నారు. ఒక్క రన్‌వే కూడా వేయకుండా నెల్లూరు, ప్రకాశం జిల్లాలను హైదరాబాదుకు దగ్గర చేసిన పని అది. దాని గురించి ఎవరూ సభ పెట్టి మాట్లాడగా నేను వినలేదు, బహుశా రోడ్డుకు రెక్కలు ఉండవు కనుక.

ఒంగోలు పరిస్థితి ఇంకా తమాషాగా ఉంటుంది. దగ్గరి విమానాశ్రయం గన్నవరం, సుమారు 170 కిలోమీటర్లు. హైదరాబాదుకు రోడ్డు దూరమే అటూ ఇటూగా 330 కిలోమీటర్లు కనుక, విమానం ఎక్కడానికి పోయే దూరంలో ఒంగోలు మనిషి హైదరాబాదు దారిలో సగం దాటేస్తాడు. ఇక గిద్దలూరు వాళ్ళకు నంద్యాల అవతల ఓర్వకల్లులోని కర్నూలు విమానాశ్రయం దగ్గరవుతుంది. కనిగిరి, పామూరు వాళ్ళకు ఏదీ దగ్గర కాదు. జిల్లాకు రన్‌వేలు లేవా అంటే ఉన్నాయి: దొనకొండలో బ్రిటిష్ కాలపు ఎయిర్‌స్ట్రిప్ ఒకటి పాడుపడి ఉంది, పాత ప్రకాశం జిల్లాలోని కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి మీదే అత్యవసర రన్‌వే కట్టి 2022 డిసెంబరులో వైమానిక దళం దాని మీద పరీక్షలు కూడా జరిపింది. రెండూ టికెట్టు కొనుక్కునేవారికి పనికిరావు.

అయితే విమానం ఎప్పటికీ దండగ అనడం నా ఉద్దేశం కాదు. గడప లెక్కలో విమానానికి ఒక స్థిరమైన బరువు ఉంది. నెల్లూరు వాడికి అది, రోడ్డూ నిరీక్షణా అన్నీ కలిపి, ఏడున్నర గంటల పైచిలుకు. ఎంత దూరం పోయినా ఆ బరువు మారదు, కనుక దూరం పెరిగేకొద్దీ అది తేలికవుతుంది. నేను వేసుకున్న లెక్క ప్రకారం, మామూలు సూపర్‌ఫాస్టు రైలుతో పోలిస్తే 500 కిలోమీటర్ల దగ్గరా, వందే భారత్‌తో పోలిస్తే 700 కిలోమీటర్ల దగ్గరా రైలూ విమానమూ సమానమవుతాయి. అంతకు లోపల మద్రాసు పోయి విమానమెక్కడం శ్రమ. అవతల లాభం. ఢిల్లీకి గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్‌లో నెల్లూరు నుంచి ముప్పై గంటలు దాటుతుంది. మద్రాసు మీదుగా విమానంలో పదకొండు గంటల్లో ఢిల్లీ గడప తొక్కవచ్చు. అక్కడ వాదనే లేదు.

కువైట్‌కు పోయేవారి సంగతి మరీ స్పష్టం. మన జిల్లా మెట్ట ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్ళి పనిచేసే కుటుంబాలకు మద్రాసు విమానాశ్రయం ఇంటి వెనక వీధిలా పరిచయం. చెన్నై నుంచి కువైట్‌కు 3,780 కిలోమీటర్ల దూరం. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక ఉంటుంది కనుక టికెట్టు మీద సమయాలు చూసి పోయేటప్పుడు సగం ప్రయాణమేనని భ్రమపడేవారూ, వచ్చేటప్పుడు అంతసేపా అని హడలిపోయేవారూ ఉంటారు. నిజానికి చలికాలంలో తిరుగు ప్రయాణమే తొందరగా అవుతుంది, ఎందుకంటే ఆ కాలంలో ఎత్తున పడమటి నుంచి తూర్పుకు వీచే బలమైన గాలులు విమానాన్ని వెనక నుంచి తోస్తాయి. ఇంత పొడవైన ప్రయాణంలో మద్రాసు దాకా పోయే నాలుగు గంటలు ఎవరూ పెద్దగా పట్టించుకోరు. వాళ్ళ బాధ ఆ నాలుగు గంటలు అర్ధరాత్రి పడటమే.

గడప లెక్కను నాకంటే ముందే, నాకంటే కచ్చితంగా వేస్తున్నవారు మన తీరంలోనే ఉన్నారు. వారు రొయ్య పిల్లలను పుట్టించి అమ్మే హేచరీల వాళ్ళు. వనామి అనే రకం తల్లి రొయ్యలు హవాయి, ఫ్లోరిడా వంటి చోట్ల నుంచి విమానంలో చెన్నై వచ్చి, నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో ఉండి, పరీక్షలయ్యాకే హేచరీలకు చేరతాయి. అక్కడ పుట్టిన పిల్లల్లో కొంత భాగం గుజరాత్, బెంగాల్ చెరువులకు మళ్ళీ చెన్నై మీదుగానే విమానంలో పోతుంది. ఒక హేచరీలో ప్యాకింగ్ జరుగుతుంటే దగ్గర నిలబడి చూశాను. లెక్క పెట్టిన పిల్లలను చల్లబరిచిన నీటితో పాటు పాలిథిన్ సంచిలో పోస్తారు. నీళ్ళు కొంతే, మిగతా సంచి అంతా ఆక్సిజన్ గొట్టం పెట్టి బుడగలా ఉబ్బిస్తారు. మూతిని మెలితిప్పి రబ్బరు బ్యాండు బిగించి, సంచి మీద సంచి తొడిగి, థర్మోకోల్ పెట్టెలో సర్ది, పైన టేపు వేస్తారు. నీటిని చల్లబరచడం పిల్లల ఒంటిలోని కదలికను మందగింపజేయడానికి. అలా చేస్తే అవి తక్కువ ఆక్సిజన్ వాడుకుంటాయి, ఒకదాన్నొకటి కొరుక్కోవడమూ తగ్గుతుంది.

విమానం ఎన్ని గంటలని అడిగాను. అక్కడ పనిచేసే టెక్నీషియన్ తల ఎత్తకుండానే, "ఫ్లైట్ ఎంతసేపైతే మనకెందుకు సామీ, సంచి కట్టినప్పట్నించి చెరువులో ఇప్పేదాకా ఎన్ని గంటలో అదే మాకు లెక్క" అన్నాడు. ఆ లెక్కలో హేచరీ నుంచి మీనంబాక్కం కార్గో గోదాము దాకా వ్యాను ప్రయాణం ఉంది, కార్గో వాళ్ళు బరువు తూచి లోపలికి పంపే సమయం ఉంది, సూరత్ వైపు విమానాశ్రయంలో పెట్టెలు బయటికి వచ్చే సమయం ఉంది, అక్కడి నుంచి చెరువు గట్టు దాకా పోయే జీపు ఉంది. గట్టు చేరినా అయిపోదు: సంచులను విప్పకుండా చెరువు నీటి మీద కాసేపు తేలనిచ్చి, లోపలి నీటి వేడీ బయటి నీటి వేడీ సమానమయ్యాక, చెరువు నీళ్ళు కొంచెం కొంచెంగా సంచిలోకి పోసి అలవాటు చేసి, అప్పుడు వదులుతారు. ఈ గొలుసులో ఏ ఒక్క చోట ఆలస్యమైనా సంచిలో చచ్చిన పిల్లల రూపంలో కనబడుతుంది. అందుకే వాళ్ళు విమానం వేగాన్ని చూసి మురిసిపోరు. ఏ వేళ విమానమైతే మద్రాసు ట్రాఫిక్ తగలదు, ఏ వేళకు అవతలి రైతు గట్టు మీద సిద్ధంగా ఉండగలడు అని చూసి బుక్ చేస్తారు. నష్టం వెంటనే కళ్ళకు కట్టే వ్యాపారంలో ఇంత జాగ్రత్తగా లెక్క వేస్తున్నారు. మనుషుల ప్రయాణంలో నష్టం అలసటగా, పోయిన ఒక పనిదినంగా మాత్రమే తేలుతుంది కనుక ఎవరూ వేయడం లేదు.

ఈ లెక్కతోనే దగదర్తి విమానాశ్రయం సంగతి చూడాలని నా అభిప్రాయం. భోగాపురం, ఓర్వకల్లులతో పాటు దగదర్తికి కూడా కేంద్రం సూత్రప్రాయంగా అనుమతి ఇచ్చింది. 2019 జనవరిలో శంకుస్థాపన కూడా జరిగింది. ఓర్వకల్లులో 2021 మార్చిలో విమానాలు మొదలయ్యాయి, దగదర్తిలో ఇంకా ఎగరలేదు. నెల్లూరుకు, కావలికి మధ్య ఉన్న ఆ చోటు నుంచి విమానం ఉందనుకుందాం. నెల్లూరు గడప నుంచి అక్కడికి గంట, ముందుగా చేరడానికి గంటన్నర, ప్రయాణం గంట, దిగి బయటపడటానికి అరగంట, శంషాబాదు నుంచి ఊళ్ళోకి గంటంబావు. మొత్తం ఐదుంబావు గంటలు. మద్రాసు మీదుగా పోవడంతో పోలిస్తే నాలుగు గంటలకు దగ్గరగా మిగులుతుంది; వందే భారత్‌తో పోలిస్తే రెండు గంటలు మిగులుతుంది. ఒంగోలు వాళ్ళకు దగదర్తి ఎనభై కిలోమీటర్ల పైన ఉంటుంది కనుక, హైదరాబాదు పోవడానికి వారికి దాదాపు ఏమీ మిగలదు. వాళ్ళ బస్సే వాళ్ళకు మేలు. "గంటలో హైదరాబాదు" అన్న నినాదం కావలిలో పలికినంత నిజంగా ఒంగోలులో పలకదు.

విశాఖపట్నం విషయంలో లాభం హైదరాబాదు కంటే ఎక్కువ. దగదర్తి నుంచి విశాఖకు నేరుగా గీత గీస్తే 490 కిలోమీటర్లు, అందులో కొంత భాగం సముద్రం మీదుగానే పోతుంది. రైలు మాత్రం ఒంగోలు, విజయవాడ, రాజమండ్రి మీదుగా తీరం వంపు వెంట 600 కిలోమీటర్లు నడవాలి. అయినా ఊళ్ళో ఎవరినడిగినా మొదట హైదరాబాదు పేరే చెబుతారు. ప్రాంతీయ విమానయానం కోసం కేంద్రం పెట్టిన ఉడాన్ పథకంలో మొదటి విమానాలు 2017 ఏప్రిల్ 27న ఎగిరినప్పుడు వాటిలో కడప–హైదరాబాదు ఒకటి. గంట ప్రయాణం అంటే సుమారు 500 కిలోమీటర్లు అనీ, దానికి కొన్ని సీట్ల ధర 2,500 రూపాయలు దాటకూడదనీ ఆ పథకం మొదట్లో నిర్ణయించింది. ధరకు గీత గీశారు. గడప దాకా పట్టే సమయానికి ఎవరూ గీత గీయలేదు. వారానికి కొన్ని రోజులే విమానం ఉంటే, మిగతా రోజుల్లో పని పడ్డవాడికి ఆ విమానాశ్రయం లేనట్టే.

మద్రాసు ఒక్కదాని మీదే ఆధారపడటంలో ఇంకో ప్రమాదం ఉంది, దాన్ని దగదర్తి వైపు బలమైన వాదనగా ఒప్పుకోవాలి. 2015 డిసెంబరు వరదల్లో చెన్నై విమానాశ్రయం రోజుల తరబడి మూతపడింది. 2023 డిసెంబరు 4న మిచౌంగ్ తుపానుకు రన్‌వే మళ్ళీ నీట మునిగింది, ఆ తుపాను మర్నాడు బాపట్ల దగ్గర తీరం దాటింది. మన తీరాన్ని కొట్టే తుపాను మద్రాసునూ కొడుతుంది. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు కోవూరు దగ్గర జాతీయ రహదారీ, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలూ రెండూ తెగిపోయాయి. దగదర్తి పెన్నకు ఉత్తరాన ఉంది కనుక అలాంటి రోజున నెల్లూరు వాళ్ళకు అది కూడా అందదు, ఒంగోలు, కావలి వాళ్ళకు మాత్రం అందుతుంది.

చెన్నై–హైదరాబాదు విమాన గీత కింద ఉన్న మెట్ట మండలాలకు మాత్రం దగదర్తి కంటే నడికుడి–శ్రీకాళహస్తి రైలు మార్గమే ఎక్కువ మేలు చేస్తుందని నా నమ్మకం. 2011–12లో మంజూరైన ఈ 309 కిలోమీటర్ల లైను దర్శి, పొదిలి, కనిగిరి, పామూరు, వింజమూరు, ఆత్మకూరు, రాపూరు, వెంకటగిరి మీదుగా పోతుంది. వెంకటగిరి వంటివి తప్పిస్తే, వీటిలో చాలా ఊళ్ళు విమానాలు తల మీదుగా పోతుంటే చూడటమే తప్ప ఇన్నాళ్ళూ స్టేషను మొహం ఎరగనివి. కనిగిరి మనిషికి హైదరాబాదు ప్రయాణంలో మిగిలే గంటలను విమానం లెక్కలోనూ రైలు లెక్కలోనూ వేసి చూపితే, ఏ పని ముందు పూర్తి కావాలో చెప్పడానికి నిపుణులు అక్కరలేదు.

దగదర్తి కోసం అడిగేవారు ఒక్క విషయం మీద పట్టుబట్టాలని నేను కోరుకుంటాను. వందే భారత్ ఉదయం ఆరు గంటల ప్రాంతంలో సికింద్రాబాదులో బయలుదేరి మధ్యాహ్నం పన్నెండున్నరకు నెల్లూరు చేరుతుంది, తిరుగులో సాయంత్రం నెల్లూరు దాటి రాత్రి పొద్దుపోయాక సికింద్రాబాదు చేరుతుంది. దాని సమయాలు హైదరాబాదు వాళ్ళకు కుదురుతాయి. ఆఫీసులోనో ఆసుపత్రిలోనో పని ఉండి, పొద్దున్నే పోయి రాత్రికి ఇల్లు చేరాలనుకునే నెల్లూరు మనిషికి కుదరవు. విమానం ఈ ఒక్క పని చేయగలిగితే దాని రెండు గంటల ఆదాకు పది గంటల విలువ వస్తుంది, ఎందుకంటే ఒక రాత్రి హోటలు బస తప్పుతుంది. కానీ విమాన సంస్థలు రాత్రిపూట తమ విమానాలను పెద్ద నగరాల్లో నిలుపుకుంటాయి. పొద్దున అక్కడి నుంచి బయలుదేరి చిన్న ఊరికి వచ్చి, మళ్ళీ ఎక్కించుకుని పోయేసరికి బారెడు పొద్దెక్కుతుంది. అంటే ఆ టైంటేబులు కూడా హైదరాబాదు వాళ్ళదే అవుతుంది. అందుచేత రన్‌వే పొడవు ఎంత, టెర్మినల్ ఎన్ని ఎకరాలు అని అడిగే ముందు, రాత్రి దిగడానికి దీపాలు ఉంటాయా, కనీసం ఒక్క విమానమైనా రాత్రికి దగదర్తిలోనే నిలిచి పొద్దున ఆరింటికి ఇక్కడి నుంచి లేస్తుందా, అదే రోజు రాత్రి ఎనిమిది తర్వాత వెనక్కి వచ్చే సర్వీసు ఉంటుందా అని అడగాలి. ఈ మూడింటికీ అవునన్న జవాబు కాగితం మీద వస్తే నేనూ దగదర్తి కావాలనేవారి పక్కన నిలబడతాను.